కొండకూ పిట్టగోడ కావాలి

ఉత్తర తెలంగాణలోని ఏ సంఘంలోనైనా ఆదివారం ఉదయం కాపరి చేతికి అందే ప్రార్థన మనవుల చీటీలు చదివితే ఆ ఊరి బతుకు సగం అర్థమవుతుంది. ఒకప్పుడు ఆ చీటీల్లో దుబాయి వీసా కోసం, సింగరేణి గనిలోకి దిగే కొడుకు క్షేమం కోసం, వాన కోసం ఎదురుచూసే పత్తి చేను కోసం మనవులుండేవి. ఇప్పుడూ ఉన్నాయి. వాటి పక్కన కొత్తవి చేరాయి. మా బాబుకు అమెరికాలో ఇంటర్న్‌షిప్ దొరకాలి, మా పాపకు జర్మనీలో మంచి కంపెనీ దొరకాలి, చదువు కోసం తెచ్చిన అప్పు తీరాలి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ - ఎక్కడికి వెళ్లినా ఇవే మనవులు. కానీ, ఈ శనివారం మా బిడ్డ స్నేహితులతో కలిసి కొండకు వెళ్తున్నాడు, క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించండి అనే చీటీ మాత్రం మాకు కనిపించదు. ఆ సంగతి ఫొటో వచ్చాక తెలుస్తుంది. కొన్నిసార్లు దుర్వార్త వచ్చాక తెలుస్తుంది.

ఈ మౌనానికి కారణం ఉంది. మన జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లిన ముందు తరం ఎక్కువగా గల్ఫ్ దేశాలకు వెళ్లింది. వారిలో చాలామందికి వారానికి దొరికేది ఒక్క శుక్రవారం. బట్టలు ఉతుక్కోవడానికి, వండుకోవడానికి, ఇంటికి ఫోన్ చేయడానికే ఆ రోజు సరిపోయేది. అలా పైసా పైసా కూడబెట్టి చదివించిన తండ్రికి, కొడుకు శనివారం కారు అద్దెకు తీసుకుని మంచు కొండలు చూడబోయాడంటే మనసు ఒప్పదు. "అప్పే ఇంకా తీరలే, గుట్టలెక్కుడెందుకు బిడ్డా?" అంటాడు. ఆ మాటలో కోపం కన్నా భయమే ఎక్కువ. కానీ ఆ మాట విన్న కొడుకు వచ్చే వారం చెప్పకుండా వెళ్తాడు. అప్పటి నుంచి వాడు శనివారం ఎక్కడ ఉన్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. మన భయం మన బిడ్డను కాపాడలేదు, మనకు దూరం మాత్రం చేసింది.

మరి విశ్వాసులమైన మనం ఈ కొండ ప్రయాణాలను ఎలా చూడాలి? కొందరు పెద్దలు దీన్ని లోకాశ అంటారు. మేము అలా అనలేం. బైబిలు నిండా కొండలే. దేవుడు మోషేను సీనాయి కొండకు పిలిచాడు. అలసి, ప్రాణం విసిగి, చావు కోరుకున్న ఏలీయాకు ముందు నిద్ర, తిండి ఇచ్చి ఆ తర్వాత హోరేబు దాకా నడిపించాడు. మన ప్రభువు రాత్రంతా ప్రార్థించడానికి కొండనే ఎంచుకున్నాడు (లూకా 6:12). శిష్యులు సేవ ముగించుకుని వచ్చి, తినడానికి కూడా తీరిక లేకుండా ఉన్నప్పుడు వారికి ఇంకో పని అప్పగించలేదు. జనానికి దూరంగా వచ్చి కొంచెంసేపు విశ్రాంతి తీసుకోమన్నాడు (మార్కు 6:31). విశ్రాంతి సోమరితనం కాదు. పది ఆజ్ఞల్లో దానికి చోటుంది.

విదేశంలో ఇంటర్న్‌షిప్ చేసే పిల్లల జీవితం దగ్గరగా చూసినవారికి ఈ విశ్రాంతి ఎంత అవసరమో తెలుసు. వేసవిలో కొన్ని వారాల పాటు ఎవరూ తెలియని ఊళ్లో ఉంటారు. ఆ కొద్ది వారాల్లోనే పని నేర్చుకోవాలి, అధికారుల మెప్పు పొందాలి, అది ఉద్యోగంగా మారుతుందో లేదోనని లోలోపల కుమిలిపోవాలి. చదివే విశ్వవిద్యాలయం ఒక చోట, పని చేసే కంపెనీ ఇంకో చోట. అలవాటైన సంఘం, పాట, పలకరింపు ఏవీ అక్కడ ఉండవు. అటువంటప్పుడు తనలాంటి మరో నలుగురు కలిసి, ఒక శనివారం పులిహోర పొట్లాలు కట్టుకుని, కొండ దారి నడిచి వస్తే ఆ పిల్లవాడి గుండె తేలికవుతుంది. సృష్టికర్త చేతిపని చూసి అతడు నోరారా స్తోత్రం చెబితే, ఆ స్తోత్రం దేవునికి చేరదని చెప్పే అధికారం మనకు లేదు. సంఘంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రిక హెచ్చరిస్తుంది (10:25). అందుకే శనివారం కొండకు వెళ్లి ఆదివారం దగ్గరలోని ఆరాధనలో కూర్చోమని మేము మా పిల్లలకు చెబుతాం. కానీ ఆ మాట ప్రేమతో చెప్పాలి, బెదిరింపుగా కాదు.

అయితే కొండ అందంగా ఉన్నంత మాత్రాన అది మనకు చుట్టం కాదు. 2024 సంవత్సరం తెలుగు ఇళ్లకు ఈ సంగతిని కన్నీళ్లతో గుర్తు చేసింది. ఆ ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో గారీ, టమ్మెల్ నదులు కలిసే చోట ఉన్న లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గరకు నలుగురు స్నేహితులు నడిచి వెళ్లారు. వారిలో ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి మరణించారు. మే నెలలో అమెరికాలోని అరిజోనాలో ఫాసిల్ క్రీక్ జలపాతం వద్ద మరో ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగిపోయారు. జూలైలో ఒక ఆదివారం న్యూయార్క్ రాష్ట్రంలోని బార్బర్‌విల్ జలపాతం ఇంకో తెలుగు యువకుణ్ణి తీసుకుపోయింది. మూడు నెలల్లో మూడు చోట్ల ఐదుగురు. అందరూ కష్టపడి చదివిన పిల్లలు. సెలవు దొరికితే స్నేహితులతో కాసేపు సంతోషంగా ఉందామనుకున్నవారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు మన సంఘాల్లో రెండు మాటలు వినబడతాయి. ప్రయాణానికి ముందు వినిపించేది, దేవుడే చూసుకుంటాడులే అన్న మాట. ప్రమాదం తర్వాత వినిపించేది, దేవుడే శిక్షించాడు అన్న మాట. ఈ రెంటిలోనూ దేవుని పేరుంది. కానీ రెంటిలోనూ వాక్యం లేదని మా అభిప్రాయం.

మొదటి మాట చూద్దాం. శోధకుడు యేసు ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్నాడు. అందుకు లేఖనమే చూపించాడు. దేవదూతలు రాయి తగలకుండా చేతులతో ఎత్తి పట్టుకుంటారనే 91వ కీర్తన మాటలవి. మన పిల్లలను విమానం ఎక్కించే ముందు తల మీద చేయి పెట్టి మనం చదివేది కూడా ఆ కీర్తనే! కీర్తన అబద్ధమని ప్రభువు అనలేదు. దేవుణ్ణి శోధించకూడదన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞను చూపి దూకడానికి నిరాకరించాడు (మత్తయి 4:5-7). దేవుని కుమారుడే శిఖరం అంచు నుంచి వెనక్కి తగ్గాడు. మరి ఒక్క ఫొటో కోసం తడి బండ అంచున నిలబడడం విశ్వాసం ఎలా అవుతుంది? దేవుని కాపుదల మన తెలివికి తోడు. దానికి బదులు కాదు.

ధర్మశాస్త్రంలో మనం ఎక్కువగా ప్రసంగించని ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు, పై నుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం తన ఇంటి మీదికి రాకుండా, కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి (ద్వితీయోపదేశకాండము 22:8). ఆ రోజుల్లో ఇళ్ల కప్పులు చదునుగా ఉండేవి. జనం అక్కడే కూర్చునేవారు, పడుకునేవారు. మనం ఎండాకాలం డాబా మీద పడుకున్నట్టే. దేవుడు డాబా ఎక్కవద్దని చెప్పలేదు. పడబోయేవారిని దూతలు పట్టుకుంటారులే అనీ చెప్పలేదు. ఎక్కండి, కానీ పిట్టగోడ కట్టండి అన్నాడు. పైగా ఆ బాధ్యతను పడేవాడి మీద కన్నా ముందు ఇల్లు కట్టినవాడి మీద పెట్టాడు. అందుకే జాగ్రత్త అవిశ్వాసం కాదు, విధేయత. తోటివాని ప్రాణం పట్ల ప్రేమ.

ఈ ఆజ్ఞ ఎంత నిజమో 2014లో మన రాష్ట్రం రెండు వారాల వ్యవధిలో చూసింది. ఆ ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లాకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లయినా నిండకముందే ఎవరెస్ట్ శిఖరం ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. వారు ఒక్క రోజులో ఎవరెస్ట్ ఎక్కలేదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్నారు. డార్జిలింగ్‌లో, లడక్ చలిలో శిక్షణ పొందారు. దారి తెలిసినవారి మాట విన్నారు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కొండ మీద కూడా ఆ పిల్లల చుట్టూ కనిపించని పిట్టగోడ ఉంది.

సరిగ్గా 14 రోజులకు, జూన్ 8 ఆదివారం సాయంత్రం, హైదరాబాద్‌కు చెందిన ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్నారు. ఎగువన ఉన్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా ముంచెత్తాయి. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వారితో ఉన్న టూర్ నిర్వాహకుడు కూడా మరణించాడు. 2016లో హిమాచల్ హైకోర్టు ఈ దుర్ఘటనలో నిర్లక్ష్యం ఉందని తేల్చి, ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. మోషే ధర్మశాస్త్రం మాటల్లో చెప్పాలంటే, అక్కడ పిట్టగోడ కట్టాల్సినవారు కట్టలేదు. దాన్ని దైవ నిర్ణయం అని సరిపెట్టుకుంటే మనుషులు చేసిన తప్పును దేవుని మీద మోపినట్టే.

మరి ఇక్కడ నుంచి వెళ్లే మన పిల్లలకు మనం ఏ పిట్టగోడ కట్టి పంపుతున్నాం? వారు చూసిన గుట్టలు వేరు. ఎల్గందుల కోట, రామగిరి ఖిల్లా, నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ - ఇవి మన కాళ్లకు తెలిసిన ఎత్తులు. కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలు సముద్రమట్టానికి వెయ్యి అడుగులలోపే ఉన్నాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు రాకీ పర్వతాల్లో కారు రోడ్డే 12 వేల అడుగులు దాటుతుంది. ఎనిమిది వేల అడుగులు దాటాక గాలి పలచబడి తలనొప్పి, వాంతులు, ఆయాసం మొదలుకావచ్చు. అప్పుడు మందు ఒక్కటే, కిందికి దిగడం. వేసవిలో అక్కడ మధ్యాహ్నం కాగానే ఉరుములు, పిడుగులు ముంచుకొస్తాయి. అందుకే అక్కడివారు తెల్లవారకముందే బయల్దేరి మధ్యాహ్నానికల్లా శిఖరం దిగేస్తారు. పది గంటలకు లేచి, టిఫిన్ చేసి, తీరిగ్గా వెళ్దామనే మన అలవాటు ఆ కొండల మీద పనికిరాదు.

నీళ్ల సంగతీ అంతే. మన పిల్లలు వ్యవసాయ బావిలోనో, చెరువులోనో, మానేరులోనో ఈత నేర్చుకున్నవారు. ఈత వచ్చుననే ధైర్యం వారికుంటుంది. కానీ మంచు కరిగి వచ్చే వాగు నీళ్లలో పడ్డ మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది. నీటి లోపల ఉండగానే నోరు తెరుచుకుంటుంది. కొద్ది నిమిషాల్లో చేతులు, కాళ్లు మాట వినవు. ఈత ఎంత వచ్చినా అక్కడ లాభం ఉండదు. అంతెందుకు, మన నేరడిగొండ మండలంలోని కుంటాల జలపాతమే సాక్షి. కడెం వాగు సుమారు 150 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ చోట, నాచు పట్టిన బండల మీద జారి ప్రాణాలు పోగొట్టుకున్న యువకుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇంటి దగ్గరి కుంటాలనే మనం మన పిల్లలకు సరిగా నేర్పకపోతే, పది వేల మైళ్ల దూరంలోని కొండను వారు ఎలా చదువుతారు?

కాబట్టి తల్లిదండ్రులకు మా మొదటి మనవి, పిల్లలు చెప్పుకునే స్వేచ్ఛ ఇవ్వండి. వెళ్తానంటే తిట్టకండి. ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు తిరుగు ప్రయాణం అని నెమ్మదిగా అడగండి. కొండల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. తిరిగి రావలసిన సమయం ఒక్కరికైనా తెలిసి ఉంటేనే ఆలస్యమైనప్పుడు ఎవరైనా వెతుకుతారు. ఆ ఒక్కరు మీరే కావచ్చు, అక్కడి గదిలో మిగిలిన స్నేహితుడైనా కావచ్చు.

యువతీయువకులకు ఒక మాట. ఇద్దరు ఉంటే మేలు, ఒకడు పడితే రెండోవాడు లేవనెత్తుతాడని ప్రసంగి గ్రంథం బోధిస్తుంది (4:9-10). స్నేహితులతో కొండకు వెళ్లడంలోని అర్థమే అది. కాబట్టి మీ గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడే మీ వేగాన్ని నిర్ణయించాలి. ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే అందరూ వెనక్కి రావాలి. వద్దురా, ఇక దిగుదాం అన్న స్నేహితుణ్ణి పిరికివాడని ఎగతాళి చేయకండి. ఆ రోజు మీ గుంపులో ఉన్న పిట్టగోడ అతడే. హెచ్చరిక బోర్డు దాటకండి. నీళ్లలో పడినవాణ్ణి కాపాడాలని ఆలోచించకుండా దూకకండి. తాడో, కర్రో, ఏదైనా తేలే వస్తువో అందించండి, వెంటనే సహాయానికి ఫోన్ చేయండి. వారమంతా నిద్ర లేకుండా పనిచేసి, రోజంతా నడిచి, మళ్లీ రాత్రంతా కారు నడపకండి. శిఖరం చేరకుండా తిరిగి రావడం ఓటమి కాదు. కొండ ఎక్కడికీ పోదు.

ఇప్పుడు రెండో మాట. ఇది మరింత బరువైనది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి, ఆదివారం ఆరాధన మానుకుని తిరిగాడు కాబట్టే ఇలా జరిగిందని గుసగుసలాడేవారిని మేము చూశాం. గుసగుస కాదు, వేదిక మీది నుంచి అన్నవారూ ఉన్నారు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు యెరూషలేములో కూడా ఇదే ప్రశ్న పుట్టింది. వారు మిగతావారి కన్నా పాపులా? కారని ప్రభువు స్పష్టంగా చెప్పాడు. చనిపోయినవారి పాపం లెక్కపెట్టడం ఆపి, బతికున్న మీరు మారుమనసు పొందండి అని ఆ వేలిని విన్నవారి వైపే తిప్పాడు (లూకా 13:4-5). గోపురం ఎందుకు కూలిందో ఆయన వివరించలేదు. మనమూ వివరించనక్కర లేదు. చనిపోయిన పిల్లలు ఏ పొరపాటు చేశారో, అసలు చేశారో లేదో తీర్పు చెప్పే పని మనది కాదు. జాగ్రత్తలు బతికున్నవారికి నేర్పాలి. వాటిని శవపేటిక ముందు నిలబడి వల్లించకూడదు.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు (యోబు 2:13). వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే చెడిపోయారు. విదేశంలో బిడ్డ చనిపోతే ఆ తల్లిదండ్రులు భౌతికకాయం కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. పోస్ట్‌మార్టం, పత్రాలు, విమానం, ఆ తర్వాత శంషాబాద్ నుంచి ఆదిలాబాద్ దాకా సుమారు 300 కిలోమీటర్ల దారి. ఆ రోజుల్లో వారికి వ్యాఖ్యానం అక్కర లేదు. పక్కన కూర్చునే మనిషి కావాలి. ఇంగ్లిషులో మెయిల్ రాసి పెట్టేవారు, రాయబార కార్యాలయానికి ఫోన్ చేసేవారు, అక్కడి తెలుగు సంఘాలతో మాట్లాడేవారు కావాలి. విదేశాంగ శాఖకు మదద్ అనే పోర్టల్ ఉంది. కష్టంలో ఉన్న భారతీయుల కోసం రాయబార కార్యాలయాల్లో సంక్షేమ నిధి ఉంది. ఇవి సంఘంలో కనీసం ఇద్దరు ముగ్గురికైనా తెలిసి ఉండాలి. ఇది కూడా పరిచర్యే. అలాగే పిల్లలు విదేశం వెళ్లినప్పుడు వారు ఉండబోయే ఊళ్లో ఒక ఆరాధన స్థలాన్ని, ఒక విశ్వాసి కుటుంబాన్ని వెతికి పెట్టడం పంపించే సంఘం బాధ్యత. వీడ్కోలు కూడికలో దండ వేసి, ఫొటో దిగి మరిచిపోతే సరిపోదు.

రూపాంతర కొండ సంగతి మనందరికీ తెలుసు. ప్రభువు పేతురు, యాకోబు, యోహాను అనే ముగ్గురిని వెంటబెట్టుకుని కొండ ఎక్కాడు. పైన మహిమ చూసిన పేతురుకు దిగాలనిపించలేదు, అక్కడే పర్ణశాలలు కడదామన్నాడు. కానీ ప్రభువు వారిని కిందికి తీసుకొచ్చాడు. మరునాడు వారికి ఎదురైనది ఎవరు? తన ఒక్కగానొక్క కొడుకును కటాక్షించమని జనంలోంచి కేకలు వేసిన ఒక తండ్రి (లూకా 9:37-38). కొండ మీద ఎంత మహిమ ఉన్నా, కింద ఎదురుచూసే తండ్రిని ప్రభువు మరిచిపోలేదు.

కొండకు వెళ్లే ప్రియమైన బిడ్డలారా, వెళ్లండి. దేవుని చేతిపని కళ్లారా చూడండి, కృతజ్ఞత చెప్పండి. కింద మీకోసం ఎదురుచూసే ఇల్లు ఒకటుందని గుర్తు పెట్టుకుని ప్రతి అడుగు వేయండి. ఇంటి దగ్గరి మనమేమో, వారు తిరిగి వచ్చి కబుర్లు చెబితే కోప్పడకుండా విందాం. ఒకవేళ ఏ ఇంటి బిడ్డ అయినా తిరిగి రాకపోతే, తీర్పు మానుకుని ఆ ఇంటి అరుగు మీద మౌనంగా కూర్చుందాం. భూమిని, ఆకాశాన్ని, కొండలను కలుగజేసిన దేవుడు మన పిల్లల రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.